నా కణాలే కదా అన్న ధీమా

అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2011 జూన్‌లో ఒక వింత మందును ఆమోదించింది. ఒకరి కోసం తయారుచేసిన సీసాను ఇంకొకరికి వాడడానికి వీల్లేని మందు అది. వైద్యుడు చెవి వెనక నుంచి మూడేసి మిల్లీమీటర్ల చర్మపు ముక్కలు మూడు తీసి పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఎక్స్‌టన్ అనే ఊళ్ళో ఉన్న కంపెనీ ల్యాబుకు పంపేవాడు. అక్కడ ఆ ముక్కల్లోని ఫైబ్రోబ్లాస్టులను, అంటే చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్‌ను తయారుచేసే కణాలను, వేరుచేసి, నెలల తరబడి పెంచి, కోట్ల సంఖ్యకు చేరాక వెనక్కి పంపేవారు. ముక్కు పక్క నుంచి పెదవి మూల దాకా దిగే గీతల్లోకి వాటిని మూడు విడతలుగా సన్నటి సూదితో ఎక్కించేవారు. లావివ్ అనే పేరుతో అమ్మిన ఈ మందుతో, రోగి సొంత కణాలను పెంచి ముడతలకు వాడే పద్ధతికి మొదటిసారి ప్రభుత్వ ముద్ర పడింది.

ఆ ముద్ర వెనక ఉన్న కథ ఆసక్తికరమైనది, దాన్ని కొంత వివరంగానే చెప్పుకోవాలి. కాని నా అసలు వాదన వేరు. ఈ చికిత్సలను అమ్మేవాళ్ళు అందరూ, అమెరికాలోనైనా హైదరాబాదులోనైనా, చివరికి ఒకే మాట మీద ఆధారపడతారు: "ఇవి మీ సొంత కణాలే, బయటి పదార్థం ఏదీ లేదు, కనుక ప్రమాదం లేదు." ఆ మాటలో మొదటి భాగం నిజం. రెండో భాగం చాలా సందర్భాల్లో అబద్ధం. మూడో భాగం మొదటిదాని నుంచి ఎంతమాత్రం రాదు.

నేను హైదరాబాదు శివార్లలో కణాలు పెంచే ల్యాబులో పనిచేస్తాను. మావి మందుల పరీక్షలకు వాడే కణాలే తప్ప మనుషులకు ఎక్కించేవి కావు. అయినా పెంపకం తీరు దాదాపు ఒకటే కాబట్టి, "సొంత కణం" శరీరం నుంచి బయటికి వచ్చాక ఏమవుతుందో దగ్గరి నుంచి చెప్పగలను. చర్మపు ముక్కను ముందుగా ఎంజైముల్లో నానబెట్టి, కణాలను పట్టి ఉంచిన అల్లికను విడదీస్తారు. బయటపడ్డ కణాలను అడుగు చదునుగా ఉండే ప్లాస్టిక్ ఫ్లాస్కులో గులాబీ రంగు ద్రవంలో వేసి, 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండే ఇన్‌క్యుబేటర్‌లో పెడతారు. ఒకటి రెండు రోజుల్లో అవి ఫ్లాస్కు అడుగున అతుక్కుని, సూక్ష్మదర్శినిలో చూస్తే రెండు కొనలూ సాగిన పొడుగాటి ఆకారాలుగా కనిపిస్తాయి. అడుగంతా నిండగానే ట్రిప్సిన్ అనే ఎంజైముతో ఊడదీసి మరి కొన్ని ఫ్లాస్కులకు పంచుతారు. అవి నిండాక మళ్ళీ అదే పని. ద్రవం రంగు పసుపుకు తిరిగితే ఆహారం అయిపోయిందని గాని, బాక్టీరియా చేరిందని గాని అర్థం. మైకోప్లాస్మా అనే అతి చిన్న సూక్ష్మజీవి చేరితే ఆ గుర్తు కూడా ఉండదు, ద్రవం తేటగానే ఉంటుంది, ప్రత్యేకంగా పరీక్ష చేస్తే తప్ప బయటపడదు. ఒక్కసారి అది చేరిందని తేలితే మా దగ్గర ఆ ఇన్‌క్యుబేటర్‌లో ఉన్నదంతా పారబోసి, గదిని శుభ్రం చేసుకుని, పని మొదటికి తెచ్చుకుంటాం. ఒక మనిషి ముఖంలోకి వెళ్ళవలసిన కణాలైతే ఆ పారబోత ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో ఊహించుకోవచ్చు. పారబోయకుండా ఊరుకోవాలనే ఆశ ఎవరికి పుడుతుందో కూడా ఊహించుకోవచ్చు.

ఇదంతా నారు పోసి నాటు వేసే పనిలాంటిది. విత్తనం నాదే కావచ్చు, కాని నారుమడికి పెట్టిన నీరు, వేసిన ఎరువు, చల్లిన మందు, పీకి నాటిన చేతులు నావి కావు. లావివ్‌తో పాటు వచ్చిన సమాచార పత్రాన్ని చదివితే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది. జెంటమైసిన్ అనే యాంటీబయాటిక్, ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు, కణాలను గడ్డకట్టించి నిల్వ చేయడానికి వాడే డీఎంఎస్‌ఓ, పశువుల నుంచి తీసిన పదార్థాలు, వీటిలో ఏ ఒక్కటి పడకపోయినా ఆ మందు వాడకూడదని అందులో రాసి ఉంటుంది. ఆ పశువుల పదార్థంలో ముఖ్యమైనది కడుపులోని దూడల రక్తం నుంచి తీసే సీరం. ప్రపంచవ్యాప్తంగా కణాల పెంపకంలో అది దశాబ్దాలుగా మామూలు సరుకు, మా ల్యాబులోనూ రోజూ వాడతాం. కణాలను చివర్లో కడుగుతారు కాబట్టి మిగిలేది అతి స్వల్పమే కావచ్చు. అయినా "బయటి పదార్థం ఏదీ లేదు" అని కరపత్రంలో అచ్చు వేసిన క్లినిక్కు, తన దగ్గరికి వచ్చేవారిలో ఎందరు ఈ వివరం తెలిస్తే కుర్చీలోంచి లేచిపోతారో లెక్క వేసుకోవాలి. ఆచారాల పట్టింపు ఉన్న మన ఇళ్ళలో అది చిన్న విషయం కాదు, చెప్పకుండా దాచడం అంతకన్నా చిన్న విషయం కాదు.

చర్మకణాలను పెంచే విద్య ముడతల కోసం పుట్టలేదు. 1975లో అమెరికాలోని ఎంఐటీలో హోవార్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చర్మపు పైపొర కణాలను ఎలుక కణాల పరుపు మీద పెంచవచ్చని చూపించారు. ఆ ఎలుక కణాలకు ముందే రేడియేషన్ ఇస్తారు, అవి బతికి ఉంటాయి గాని విభజన చెందవు. మనిషి కణాలు వాటి ఆసరాతో రేకులు రేకులుగా పెరుగుతాయి. 1983లో వయోమింగ్ రాష్ట్రంలో అయిదారేళ్ళ వయసున్న ఇద్దరు అన్నదమ్ముల శరీరం 95 శాతానికి పైగా కాలిపోయినప్పుడు, కాలకుండా మిగిలిన పిసరంత చర్మం నుంచి బోస్టన్ వైద్యులు రేకులు పెంచి కప్పారు. ఇద్దరూ బతికారు. ఆ పద్ధతే తర్వాత ఎపిసెల్ అనే పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఎలుక కణాలతో కలిసి పెరిగింది కాబట్టి రోగి సొంత చర్మమే అయినా ఎపిసెల్‌ను ఎఫ్‌డీఏ జంతు మార్పిడి ఉత్పత్తుల కింద లెక్కగడుతుంది. "సొంతం" అన్న మాటను నియంత్రణ సంస్థ ఎంత జాగ్రత్తగా వాడుతుందో ఇక్కడే తెలుస్తోంది.

గ్రీన్ దగ్గర శిక్షణ పొందిన ఇటలీ శాస్త్రవేత్త మికేలే డి లూకా బృందం 2015లో ఇంకా ముందుకు వెళ్ళింది. జర్మనీలోని బోఖుమ్ ఆసుపత్రికి చేరిన ఏడేళ్ళ సిరియా శరణార్థి బాలుడికి పుట్టుకతోనే చర్మం పొరలు ఊడిపోయే జబ్బు ఉంది. అతని కణాల్లోని లోపమున్న జన్యువుకు బదులుగా సరైన జన్యువును చేర్చి, రేకులుగా పెంచి, శరీరంలో 80 శాతం చర్మాన్ని కొత్తగా వేశారు. 2017లో ఆ ఫలితం ప్రచురితమయ్యేనాటికి ఆ బాలుడు బడికి వెళ్తున్నాడు. ఇక్కడ "సొంత కణం" అన్న మాటకు ప్రాణమంత విలువ ఉంది, ఎందుకంటే పరాయి చర్మాన్ని శరీరం కొన్ని వారాల్లో తోసిపుచ్చుతుంది. శాశ్వతంగా నిలిచేది సొంతదే.

ముడతల దగ్గరికి వచ్చేసరికి ఈ వాదన బలం మొత్తం జారిపోతుంది. ముడత పూరించడానికి సొంత కణమే కావాలన్న నిర్బంధం లేదు. హయలురానిక్ ఆమ్లంతో చేసిన ఫిల్లర్ అదే గీతను అరగంటలో పూరిస్తుంది, నచ్చకపోతే ఎంజైముతో కరిగించనూ వచ్చు. లావివ్ కోసం ముక్క తీసిన రోజు నుంచి మొదటి సూది దాకా 11 నుంచి 22 వారాలు ఆగాల్సి వచ్చేది. ఒక్కో సీసాలో 1.2 మిల్లీలీటర్ల ద్రవం, అందులో సుమారు కోటీ ఎనభై లక్షల కణాలు ఉండేవి. ఇంతా చేసి అవి లోపల ఏ విధంగా పనిచేస్తాయో తెలియదని కంపెనీ పత్రమే ఒప్పుకుంటుంది.

ఫలితాల లెక్కలు కూడా చూద్దాం. అనుమతికి ఆధారమైన రెండు ప్రధాన అధ్యయనాల్లో కలిపి 421 మంది పాల్గొన్నారు. సగం మందికి కణాలు, మిగతావారికి కణాలు లేని ద్రవం ఎక్కించారు, ఎవరికి ఏది ఎక్కిందో వారికి చెప్పలేదు. మొదటి అధ్యయనంలో ఆరు నెలల తర్వాత తమ ముఖం బాగా మెరుగైందని కణాలు తీసుకున్నవారిలో 57 శాతం మంది చెప్పారు. వట్టి ద్రవం తీసుకున్నవారిలో 30 శాతం మంది కూడా అదే చెప్పారు. అదే ముఖాలను చూసిన వైద్యులకు మాత్రం మెరుగు 33 శాతం మందిలోనే, ద్రవం తీసుకున్నవారిలో 7 శాతం మందిలోనే కనిపించింది. రెండో అధ్యయనంలో వైద్యుల లెక్క ఇంకా తగ్గి 19 శాతానికి దిగింది. తేడా ఉన్నమాట వాస్తవమే, దాన్ని నేను కొట్టిపారేయడం లేదు. కాని వైద్యుడి కంటికి అయిదుగురిలో ఒకరికో, ముగ్గురిలో ఒకరికో కనిపించే మార్పు కోసం చెవి వెనక గాయం చేయించుకుని, నెలలు ఆగి, వేల డాలర్లు పెట్టడం ఎవరి కోసమని అడగాలి. వట్టి నీళ్ళలాంటి ద్రవంతోనే 30 శాతం మంది అద్దంలో మెరుగు చూసుకున్నారన్న అంకె, క్లినిక్కుల గోడల మీద ఉండే "ముందు, తర్వాత" ఫొటోలన్నిటినీ అనుమానంగా చూడడానికి సరిపోతుంది.

ఈ అధ్యయనాలైనా లావివ్ కంపెనీ తనంతట తాను చేసినవి కావు. ఐసొలాజెన్ అనే పాత పేరుతో అది 1990ల మధ్యలోనే అమెరికాలో ఈ చికిత్సను అమ్మడం మొదలుపెట్టింది. 1999లో ఎఫ్‌డీఏ అడ్డుపడి, పెంచిన కణాలు మందు కిందికే వస్తాయి కాబట్టి రుజువులతో రమ్మంది. అప్పుడు కంపెనీ నియమాలు వదులుగా ఉన్న బ్రిటన్‌కు వెళ్ళి కొన్నేళ్ళు అక్కడ అమ్మింది. డబ్బు కట్టిన పలువురు ఫలితం లేదని ఫిర్యాదులు చేశారు, 2007లో అక్కడి దుకాణం మూతపడింది. 2009లో కంపెనీ దివాలా తీసి ఫైబ్రోసెల్ అనే కొత్త పేరుతో తేలింది, రెండేళ్ళకు అనుమతి సంపాదించింది, ఆ తర్వాత కొద్ది కాలానికే ముడతలను పక్కనపెట్టి పుట్టుకతో వచ్చే చర్మ రోగాల జన్యు చికిత్స వైపు మళ్ళింది. అంటే ప్రభుత్వ ముద్ర సంపాదించిన కంపెనీకే ముడతల వ్యాపారం గిట్టలేదు. పెంపకం ఒక్కొక్క మనిషికి వేరుగా జరగాలి, ఒకేసారి పెద్ద ఎత్తున చేసి ఖర్చు తగ్గించుకునే వీలు లేదు. జపానులో మాత్రం 2014లో అమల్లోకి వచ్చిన చట్టం కింద క్లినిక్కులు ఈ ఫైబ్రోబ్లాస్టు చికిత్సను సొంత ఖర్చుతో వచ్చేవారికి ఇప్పటికీ ఇస్తున్నాయి. రుజువుల గడప తక్కువ ఎత్తులో ఉన్నచోట వ్యాపారం నిలిచిందన్నమాట.

"నా ఒంట్లోది నాకే ఎక్కించుకుంటే ప్రభుత్వానికి ఏం పని?" అన్న ప్రశ్న అమెరికా కోర్టుల దాకా వెళ్ళింది. కొలరాడోలో ఎముకల చికిత్స కోసం రోగుల మూలకణాలను, అంటే ఇతర రకాల కణాలుగా మారగల స్టెమ్‌సెల్స్‌ను, పెంచి ఎక్కించిన సంస్థ కేసులో 2014లో వాషింగ్టన్ అప్పీలు కోర్టు, ల్యాబులో పెంచిన కణం మందేనని, ఎవరిదన్నది ఆ విషయాన్ని మార్చదని తీర్పు చెప్పింది. నాకు ఆ తీర్పు సరైనదనిపిస్తుంది. కణం సొంతమైనంత మాత్రాన అది ఇంటికి వచ్చిన దారి సురక్షితం కాదు. ఆల్బకర్కీ నగరంలోని ఒక స్పాలో రోగుల సొంత రక్తం నుంచి ప్లాస్మా తీసి ముఖానికి ఎక్కించే ఫేషియల్ చేయించుకున్న కొందరు మహిళలకు హెచ్ఐవీ సోకిందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024లో నివేదించింది. ప్లాస్మా వారిదే, సూదులూ శుభ్రతా వారివి కావు. లాస్ ఏంజెలెస్‌లో ఇంకొక మహిళ సొంత కొవ్వు నుంచి తీసిన మూలకణాలను కళ్ళ చుట్టూ ఎక్కించుకుంటే, అదే చోట వేసిన కాల్షియం ఫిల్లర్‌తో కలిసి అవి ఎముక ముక్కలుగా మారాయి. రెప్ప తెరిచినప్పుడల్లా టక్కుమన్న చప్పుడు వస్తోందని ఆమె ఇంకో శస్త్రవైద్యుడి దగ్గరికి వెళ్ళింది. ఎముక కూడా ఆమె సొంతమే.

మా వదిన ఈ మధ్య ఫోన్లో నన్ను అడిగిందీ ఇదే. జూబ్లీహిల్స్ వైపు ఎక్కడో స్టెమ్‌సెల్ ఫేషియల్ చేస్తున్నారని, సొంత కణాలతోనే కాబట్టి సైడ్ ఎఫెక్టులు ఉండవని ఆమె స్నేహితురాలు చెప్పిందట. "నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదమ్మా, మన కణాలే కదా, దానికి భయమెందుకు?" అంది. "వదినా, ఆ కణాలు ఎక్కడ పెంచుతారో, ఆ ల్యాబుకు లైసెన్సు ఉందో లేదో, ఎన్ని రోజులు పెంచుతారో అడగండి," అన్నాను. అడిగితే అక్కడి అమ్మాయి, పెంచడమేమీ లేదు మేడమ్, అదే రోజు అయిపోతుంది అందట. పెంచకపోతే అది ఈ వ్యాసంలో చెప్పుకుంటున్న చికిత్సే కాదు, రక్తాన్ని తిప్పి ప్లాస్మా తీసే మామూలు పీఆర్‌పీకి పెద్ద పేరు తగిలించారు. వదిన మానేసింది, అది నా మాట విని కాదు, ధర విని.

మన దేశంలో రాతలో నియమాలు బాగానే ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం రక్త వ్యాధులకు చేసే మూలకణాల మార్పిడి తప్ప మిగతా మూలకణ చికిత్సలు అనుమతి పొందిన పరిశోధనల్లో భాగంగానే జరగాలి, ఆ పరిశోధనలో రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. 2019 నాటి కొత్త మందుల నియమాలు ల్యాబులో పెంచి మార్చిన మూలకణ ఉత్పత్తులను కొత్త మందులుగా లెక్కగట్టాయి. బోర్డు మీద "స్టెమ్‌సెల్" అని రాసుకున్న ప్రతి బ్యూటీ క్లినిక్కూ ఒకటి ఒప్పుకోవాలి: ఆ మాట నిజమైతే అనుమతి లేని మందు అమ్ముతోంది, అబద్ధమైతే రోగిని మోసం చేస్తోంది. దీన్ని పట్టుకోవడానికి డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు సూక్ష్మదర్శిని కూడా అక్కర్లేదు, రోడ్డు మీద హోర్డింగ్ చదివితే చాలు.

ఇంత చెప్పాక నన్ను అందానికి శత్రువునని అనుకోవద్దు. ముడత దిద్దుకోవాలన్న కోరికను తక్కువ చేసి మాట్లాడేవాళ్ళంటే నాకు చిరాకు, వాళ్ళలో చాలామంది జుట్టుకు రంగు వేసుకునే వచ్చి ఉపన్యాసం ఇస్తారు. పైగా "అందం కోసం", "ఆరోగ్యం కోసం" అన్న గీత మనం అనుకున్నంత తిన్నగా ఉండదు. బొల్లి సంగతే చూడండి. అది ప్రాణం తీయదు, నొప్పి ఉండదు, ఇన్సూరెన్సు కంపెనీలు దాని శస్త్రచికిత్సను సౌందర్యం ఖాతాలో వేసి చేతులు దులుపుకుంటాయి. కాని మన ఊళ్ళలో ముఖం మీద తెల్లమచ్చ ఉన్న ఆడపిల్లకు సంబంధం చూడబోయినవారిని ఎవరినైనా అడిగి చూడండి, అది కేవలం రంగు సమస్యేనా అని.

బొల్లి విషయంలో సొంత కణాలు నిజంగా పనిచేస్తాయి, ఎందుకంటే మచ్చలో లేనిది రంగునిచ్చే మెలనోసైట్ కణమే, దాన్ని తెచ్చి పెడితే చర్మం రంగు పట్టుకుంటుంది. మచ్చ పెరగకుండా కనీసం ఏడాదిగా నిలకడగా ఉన్నవారికే ఇది చేస్తారు. తొడ మీద నుంచి పలుచని పొర తీసి, ట్రిప్సిన్‌తో కణాలను విడదీసి, ఆ ద్రవాన్ని గీకి సిద్ధం చేసిన మచ్చ మీద పరుస్తారు. 1992లో ఫ్రాన్సులో మొదలైన ఈ పద్ధతిని చండీగఢ్ పీజీఐలోనూ ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ వైద్యులు మన పరిస్థితులకు తగ్గట్టు సరళం చేశారు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, వాళ్ళు కణాలను పెంచరు. కొన్ని గంటల్లో అదే గదిలో పని ముగుస్తుంది, తీసిన చర్మానికి సుమారు పది రెట్ల మచ్చను కప్పవచ్చు. ఒళ్ళంతా మచ్చలున్నవారికే పెంపకం అవసరం పడుతుంది.

పెంచడం మానుకోవడంలో కూడా విజ్ఞానం ఉందని హైదరాబాదుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కంటి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు పాడైతే చూపు పోతుంది. తాంబూలంలోకి వాడే సున్నం ప్యాకెట్టు పిల్లల చేతిలో చిట్లి కళ్ళలో పడడం మన దగ్గర దీనికి పెద్ద కారణాల్లో ఒకటి. ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుంచి బాగున్న కంటి నుంచి చిన్న ముక్క తీసి, కాన్పులో మాయతో పాటు వచ్చే పలుచని పొర మీద కణాలను పెంచి, పాడైన కంటికి వేశారు. ఎలుక కణాలూ దూడ సీరమూ లేకుండా, రోగి రక్తం నుంచే తీసిన సీరంతో పెంచారు. రెండు వందల మంది ఫలితాలను ప్రచురించారు, పదిమందిలో ఏడుగురికి కంటి ఉపరితలం నిలిచింది. "బయటి పదార్థం లేదు" అని చెప్పుకునే అర్హత నాకు తెలిసి వారికే ఎక్కువ ఉంది, దాన్ని వారు కరపత్రంలో కాదు, పరిశోధన పత్రంలో రాశారు. అంతటితో ఆగలేదు. 2012లో అదే సంస్థకు చెందిన వీరేందర్ సంగ్వాన్ బృందం, ల్యాబులో పెంచడమే మాని, ముక్కను చిన్న చిన్న పలుకులుగా తరిగి నేరుగా కంటి మీదే అతికించి, కణాలు అక్కడే పెరిగేలా చేసింది. ల్యాబు ఖర్చు పోయింది, చిన్న ఊళ్ళ కంటి వైద్యులకు కూడా ఆ చికిత్స అందుబాటులోకి వచ్చింది.

కాబట్టి పెంచిన చర్మకణాలు మన దగ్గర ఎవరికి ముందు కావాలన్న ప్రశ్నకు నా జవాబు సూటిగానే ఉంటుంది. ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో స్కిన్ బ్యాంకు మొదలైంది, మరణించినవారి నుంచి బంధువుల అనుమతితో సేకరించిన చర్మాన్ని అక్కడ నిల్వ చేస్తారు. గ్యాస్ పేలి గాని, కిరోసిన్ మంటలో గాని ఒళ్ళు కాలి వచ్చినవారికి ఆ చర్మం కొన్ని వారాల పాటు కవచంలా పనిచేసి ఇన్‌ఫెక్షన్‌ను ఆపుతుంది, ఆ తర్వాత శరీరం దాన్ని తోసేస్తుంది. ఆలోగా సొంత చర్మం కావాలి. సొంత చర్మం తీయడానికి ఒంటి మీద చోటే లేనప్పుడు పెంచిన రేకు తప్ప దారి లేదు, దానికి రెండు మూడు వారాలు పడుతుంది, సరిగ్గా స్కిన్ బ్యాంకు చర్మం ఇచ్చే వ్యవధి అంతే. దాత చర్మపు లోపొరను ఉంచి, దాని మీద పెంచిన పైపొరను వేసే పద్ధతిని అమెరికా వైద్యులు 1980లలోనే చేసి చూపించారు. బ్యాంకు ఉంది, కణాలు పెంచడం తెలిసిన చేతులు, బయోటెక్ కంపెనీలున్న మన జీనోమ్ వ్యాలీ నిండా ఉన్నాయి. లైసెన్సు ఉన్న, ప్రభుత్వ ఖర్చుతో నడిచే ఒక పెంపకం గది మాత్రం ఆ ఆసుపత్రి పక్కన కావాలి. ముఖంలో గీతలు దిద్దుకునేవారు డబ్బు కట్టి వస్తే ఆ గదిలోనే వారికీ కణాలు పెంచి ఇవ్వండి, నాకు అభ్యంతరం లేదు. వరసలో మాత్రం కాలిన గాయాల వార్డు తర్వాతే నిలబెట్టండి.